రంగు ఊడాలి, ఒళ్లు మిగలాలి

చెన్నై టి. నగర్‌లో పానగల్ పార్కుకి నాలుగు వీధుల అవతల మా బాబాయి వాళ్ల పాత ఇల్లు. వంటింటి అటక మీద రాగి కాగులూ, పండగలకు మాత్రమే కిందికి దిగే పెద్ద మూకుళ్లూ ఉంటాయి. వాటి వెనక పాత దుప్పటిలో చుట్టి ఒక విమానం ఉండేది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో బాబాయికి నమూనా విమానాల మీద పట్టిన ఇష్టం ఉద్యోగంలో చేరాక కూడా వదల్లేదు. ఇది ఆయన రేడియోతో ఎగరేసిన విమానం. బాడీ అంతా ఫైబర్ గ్లాస్, పొడవు 110 సెంటీమీటర్లు.

మొన్న వేసవిలో దాన్ని కిందికి దించాం. పైన ఎర్ర రంగు పెచ్చులు లేస్తోంది. పెచ్చు ఊడిన చోట పసుపు, దాని కింద తెలుపు కనిపిస్తున్నాయి. నేల తగిలి సొట్ట పడినప్పుడల్లా లప్పం పెట్టి, లప్పం కనబడకుండా కొత్త రంగు వేశారట. అలా మూడుసార్లు జరిగింది. రంగంతా తీసేసి మళ్లీ ఎగరేద్దామని ఇద్దరం అనుకున్నాం.

ఆ సాయంత్రం బాబాయి బయటికి వెళ్లినప్పుడు నేను హార్డ్‌వేర్ కొట్టులో ఒక డబ్బా పెయింట్ రిమూవర్ కొనుక్కొచ్చాను. ఇనప గేటు మీద రంగు అది ఎంత బాగా ఊడదీస్తుందో చూసి ఉన్నాను. మేడ మీద కూర్చుని తోక మీద నిలబడే రెక్కకి కుంచెతో రాశాను. పది నిమిషాల్లో రంగు కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. గుడ్డతో తుడిస్తే నాలుగు పొరలూ ఒక్కసారే వచ్చేశాయి. మర్నాడు పొద్దున బాబాయి ఆ రెక్కని బొటనవేలితో నొక్కి చూశారు. వేలితో మీటితే టక్కుమని మోగాల్సిన రెక్క నానిన అప్పడంలా వంగింది. అంచు దగ్గర గాజుగుడ్డ పొరలు విడిపోయి కనిపించాయి.

“రంగుతో పాటు దాని ఎముకల్లో పట్టుని కూడా తీసేశావురా,” అన్నారాయన. కోప్పడలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఇనప గేటుకి ఏమీ చెయ్యని మందు విమానం తోకని ఎందుకు మెత్తబరిచింది? దీనికి జవాబు తెలిస్తే, పాత రంగు తీయడమనే చిన్న పని వెనక ఎంత రసాయనశాస్త్రం ఉందో అర్థమవుతుంది.

తడికా, మట్టీ

మన పల్లెల్లో వెదురు తడిక కట్టి దాని మీద మట్టి మెత్తి గోడ లేపేవారు. తడిక ఒక్కటే అయితే ఊగిపోతుంది. మట్టి ఒక్కటే అయితే బీటలు వారి రాలిపోతుంది. రెండూ కలిస్తే గోడ తరాల పాటు నిలబడుతుంది. ఫైబర్ గ్లాస్ కూడా ఇలాంటిదే. తడిక స్థానంలో గాజు దారాలతో నేసిన గుడ్డ, మట్టి స్థానంలో రెసిన్ అనే జిగురు ఉంటాయి.

గాజు పెళుసు కదా, దానితో విమానం ఏమిటన్న అనుమానం న్యాయమైనదే. దీనికి సమాధానం ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఎ. ఎ. గ్రిఫిత్ చెప్పాడు. గాజు బలహీనమైన పదార్థం కాదనీ, దాని ఒంటి మీద ఉండే కంటికి కనిపించని చీలికలే దాన్ని విరగ్గొడుతున్నాయనీ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. గాజుని సన్నటి దారంగా తీసేకొద్దీ పెద్ద చీలికకి చోటుండదు. అందుకే కిటికీ అద్దంతో పోలిస్తే గాజుపోగు ఎన్నో రెట్లు గట్టిది. ఇప్పుడు వాడే పోగు మందం మిల్లీమీటరులో దాదాపు నూరో వంతు, అంటే మన తల వెంట్రుక కంటే ఎంతో సన్నం.

ఇలాంటి పోగుల్ని చవగ్గా తయారుచేసే దారి 1932లో అమెరికాలో అనుకోకుండా దొరికింది. ఓవెన్స్-ఇల్లినాయిస్ గాజు సంస్థలో డేల్ క్లీస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెల్ని అతికించే ప్రయత్నంలో ఉండగా గాలిధార కరిగిన గాజుకి తగిలి దాన్ని సన్నటి పోగులుగా చిమ్మింది. ఆ పోగుల్ని బట్టగా నేసి రెసిన్ పట్టించడం తర్వాతి అడుగు. రెసిన్లలో మేటి అయిన ఎపాక్సీకి మూలం వెతికితే పళ్ల వైద్యం దగ్గర తేలతాం. 1930లలో స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్ కట్టుడు పళ్లకి పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ దాన్ని తయారుచేశాడు. ఇవాళ మన ఇళ్లల్లో విరిగిన పింగాణీ కప్పుని అతికించే అరాల్డైట్ ఆ కుటుంబానిదే. రెండు గొట్టాల్లో ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. రెండూ కలిస్తే అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి వలలా బిగుసుకుంటాయి. ఒకసారి బిగిసిన వలని తిరిగి ద్రవంగా మార్చలేం.

తడికకి బలం ఉంటుంది, కానీ బరువుని ఒక వెదురుబద్ద నుంచి ఇంకోదానికి అందించేది మట్టి. ఫైబర్ గ్లాస్‌లో రెసిన్ పని కూడా అదే. రెసిన్ మెత్తబడితే లోపల దారం ఒక్కటీ తెగకపోయినా బలం పోతుంది. మా తోకకి జరిగింది అదే.

రంగూ ఒళ్లూ దాయాదులు

ఇక రంగు సంగతి. పెయింటులో కనబడే రంగునిచ్చేది పొడి. ఆ పొడిని పట్టి ఉంచే బంధకం అసలైన పెయింటు. ఈ బంధకం ఆరే తీరుని బట్టి నమూనా విమానాల మీద వాడే రంగుల్ని మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటిది నైట్రోసెల్యులోజ్ లాకర్. కార్ల పనివాళ్లు ఈనాటికీ డూకో పెయింటింగ్ అంటున్న మాట 1920లలో డూపాంట్ సంస్థ తెచ్చిన ఈ రకం రంగు పేరు నుంచే వచ్చింది. ఇందులో రసాయన చర్య ఏదీ ఉండదు. థిన్నర్ ఆవిరైపోతుంది, రంగు మిగులుతుంది. ఉప్పునీరు ఎండితే ఉప్పు మిగిలినట్టే. మళ్లీ థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది.

రెండోది సింథటిక్ ఎనామిల్. తలుపులకీ కిటికీ చువ్వలకీ వేసేది ఇదే. ఇందులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. ఉడికిన గుడ్డు తిరిగి పచ్చి గుడ్డు కానట్టే ఆరిన ఎనామిల్ మళ్లీ ద్రవం కాదు. థిన్నర్ తగిలితే ఉబ్బి ముడతలు పడుతుందంతే.

మూడోది పీయూ పెయింటు, అంటే పాలియురెథేన్. దీన్ని కూడా హార్డెనర్ కలిపే వాడతారు. అణువులు వలలా ముడిపడతాయి. పూర్తిగా ఆరిందంటే థిన్నర్‌తో ఎంత తుడిచినా గుడ్డకి రంగు అంటదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇనప గేటు మీద రంగు వేస్తే పైనున్నది కర్బనపు గొలుసుల పదార్థం, కిందున్నది లోహం. రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు. రంగుని కదిలించే ద్రవం ఇనుముని పట్టించుకోదు. ఫైబర్ గ్లాస్ మీద పీయూ రంగు వేస్తే పైనా వలే, కిందా వలే. ఒకటి పాలియురెథేన్ వల, ఇంకోటి ఎపాక్సీ వల. ఇద్దరూ దాయాదులు. ఒకరిని గెంటేసే మందు రెండోవారి ఇంట్లోకి కూడా చొరబడుతుంది.

ఐదు పరమాణువుల చొరబాటు

పాతకాలపు ఘాటైన రిమూవర్లలో ప్రధానమైన ద్రవం డైక్లోరోమీథేన్. ఒక కర్బనం, రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు. మొత్తం ఐదు పరమాణువులే. ఇంత చిన్న అణువు కాబట్టి రంగు వలలోని సందుల్లోంచి సులువుగా దూరిపోతుంది. అది లోపల చేరినకొద్దీ రంగు పొర ఉబ్బుతుంది. అడుగుకి అంటుకుని ఉన్నందువల్ల పక్కలకి పెరగడానికి చోటు లేక, పొర ముడతలు పడి పైకి లేస్తుంది. నేను మీగడ అనుకున్నది ఇదే. రంగు కరగలేదు, ఉబ్బి పట్టు వదిలింది.

ఇనుము దగ్గర ఆ చొరబాటు ఆగిపోతుంది. ఫైబర్ గ్లాస్ దగ్గర ఆగదు. రంగుని దాటిన ద్రవం రెసిన్‌లోకి కూడా దూరి దాన్ని ఉబ్బిస్తుంది. రెసిన్ ఉబ్బుతుంది గానీ గాజు దారం ఉబ్బదు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న రెండిటిలో ఒకటి సాగి రెండోది సాగకపోతే పట్టు తెగుతుంది. తర్వాత ద్రవం ఆవిరైపోయి రెసిన్ కాస్త గట్టిపడినా తెగిన పట్టు తిరిగి అతుక్కోదు. ఎపాక్సీ కంటే చవకైన పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన బాడీ అయితే ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ ద్రవం మనిషికీ మంచిది కాదు. దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. చెన్నై మే నెల ఎండే దానికి చాలు. దాని ఆవిరి పీలిస్తే శరీరం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. రక్తం ఆక్సిజన్‌ని మోయకుండా అడ్డుపడే విషం అది. కిటికీలు మూసిన గదుల్లో దీనితో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇళ్లల్లో వాడుకునే రిమూవర్లలో దీన్ని అమ్మకూడదని అమెరికా 2019లో నిషేధించింది. ఆ సాయంత్రం నేను మేడ మీద, సముద్రపు గాలిలో కూర్చోవడం అదృష్టమే.

కాస్టిక్ సోడా వాడొచ్చు కదా అని ఒకరు సలహా చెప్పారు. అదీ వద్దు. పాలియెస్టర్ అణువుల్లోని ఎస్టర్ బంధాల్ని క్షారం తెగ్గొడుతుంది. నూనెని సబ్బుగా మార్చే చర్య కూడా ఇలాంటిదే. పైగా మామూలు గాజుపోగుని కూడా క్షారం నెమ్మదిగా తినేస్తుంది.

వేడి గాలీ వద్దు

కలప తలుపు మీద పాత రంగుని వేడి గాలి మిషన్‌తో మెత్తబరిచి గీకేస్తారు. ఫైబర్ గ్లాస్ మీద అదీ కుదరదు. వేరుశెనగ అచ్చుని చల్లటి పొద్దున విరిస్తే పటుక్కుమంటుంది. మిట్టమధ్యాహ్నం జేబులో పెట్టుకు తిరిగితే వంగుతుంది. ఎపాక్సీకి కూడా అలాంటి ఒక గీత ఉంది. అది దాటితే గాజులా ఉన్నది రబ్బరులా మారడం మొదలవుతుంది. ఓవెన్‌లో పెట్టకుండా గది వేడిమిలోనే గట్టిపరిచిన మామూలు ఎపాక్సీకి ఆ గీత 50, 60 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వేడి గాలి మిషన్ నోటి దగ్గర వందల డిగ్రీలు.

ఫైబర్ గ్లాస్‌తో చేసిన మొదటి గ్లైడర్ ఎఫ్.ఎస్.-24 జర్మనీలోని స్టుట్‌గార్ట్ విద్యార్థి బృందం చేతుల మీదుగా 1957లో ఎగిరింది. ఆ తర్వాత వచ్చిన గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగానే ఉండడం మీరు గమనించి ఉంటారు. అది అందం కోసం కాదు. ఎండలో నిలిపిన నల్లటి రెక్క సులువుగా ఆ గీత దాటేస్తుంది. తెల్లటి రెక్క ఎండని తిప్పికొట్టి చల్లగా ఉంటుంది. రంగు అనేది విమానానికి చొక్కా మాత్రమే కాదు, గొడుగు కూడా.

అయినా ఎందుకు తీయాలి?

ఇంత కష్టమైనప్పుడు పాత రంగు మీదే కొత్త రంగు వేసేస్తే సరిపోదా? బాబాయి మూడుసార్లు చేసింది అదే. సరిపోదని చెప్పేది త్రాసు.

మా విమానం బాడీ ఉపరితలం మొత్తం వైశాల్యం దాదాపు 0.4 చదరపు మీటర్లు. దాని మీద మిల్లీమీటరులో పదో వంతు మందాన రంగు ఉంటే 40 ఘన సెంటీమీటర్లు అవుతుంది. ఆరిన రంగు నీళ్ల కంటే సుమారు మూడో వంతు బరువెక్కువ. అంటే దాదాపు 53 గ్రాములు. ప్రైమరూ లప్పమూ కలిపి నాలుగు పొరల మందం అంతకి మూడున్నర రెట్లుంటే 180 గ్రాములు దాటుతుంది. ఎనిమిది వందల గ్రాముల బాడీకి అది మోయరాని బరువు.

ఆ బరువు ఎక్కడ ఉందన్నది ఇంకా ముఖ్యం. విమానం తన బరువు కేంద్రం మీద కావడిలా తూగుతుంది. తోక ఆ కేంద్రానికి 60 సెంటీమీటర్ల వెనక, ముక్కు 20 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. తోక మీద 10 గ్రాముల రంగు ఎక్కితే దాన్ని సరితూచడానికి ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టాలి. అంటే 10 గ్రాముల రంగు విమానానికి 40 గ్రాములైంది.

పెద్దవాటికీ ఇదే లెక్క. అమెరికా స్పేస్ షటిల్ 1981లో చేసిన మొదటి రెండు ప్రయాణాల్లో దాని పెద్ద ఇంధనపు ట్యాంకుకి తెల్ల రంగు వేశారు. మూడోసారి నుంచి రంగు మానేశారు. సుమారు 270 కిలోలు తగ్గింది. ఆ తర్వాత మనం ఫొటోల్లో చూసిన నారింజ రంగు ఆ ట్యాంకు పైన ఉన్న నురుగుదే.

తేలికదనం ఎంత విలువైనదో తెలుగునేల మీద జరిగిన ఒక పని చెబుతుంది. క్షిపణుల కోసం హైదరాబాద్‌లో తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థంతో, నిమ్స్ ఆసుపత్రి వైద్యుల కోరిక మీద, నడవలేని పిల్లలకి కాలి ఆసరాలు చేశారు. మూడు కిలోల లోహపు ఆసరాల బదులు 300 గ్రాములవి వచ్చాయని అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో చెప్పేవారు. ఆయన విమాన శాస్త్రం చదివింది మా మాంబళం స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే వచ్చే క్రోంపేట ఎం.ఐ.టి.లో. అక్కడ ప్రదర్శనకి నిలిపిన రెండు పాత విమానాలే తనని ఆ చదువు వైపు లాగాయని కలాం రాసుకున్నారు. బాబాయి కూడా కుర్రతనంలో ఆ రైలెక్కి వాటిని చూసొచ్చారట.

ముందు ఆముదం జిడ్డు

రిమూవర్ సంగతి తెలిశాక, రెండో ప్రయత్నం బాబాయి చెప్పినట్టు మొదలుపెట్టాం. మొదటి పని రంగు తీయడం కాదు, జిడ్డు తీయడం.

నమూనా విమానాల చిన్న ఇంజన్లు ఎక్కువగా మిథనాల్‌తో నడుస్తాయి. ఇంజన్ అరగకుండా అందులో కలిపే నూనెల్లో ఆముదం పేరెన్నిక గన్నది. పెట్రోలియం నూనెలు మిథనాల్‌తో కలవవు, ఆముదం కలుస్తుంది. వేడికి కూడా తట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకీ ఆముదమే పోశారు. మన పొలాల గట్ల మీద పెరిగే ఆముదపు చెట్టుకి ఆకాశంతో అంత పాత చుట్టరికం ఉంది. కానీ ఇంజన్ పొగతో బయటపడ్డ ఆముదం విమానం ఒంటికి పట్టి, పగుళ్లలోంచి గాజుగుడ్డ నేతలోకి ఇంకుతుంది. గరుకు కాగితంతో రంగు రుద్దేటప్పుడు ఆ జిడ్డు దానితో పాటు అంతటా పరుచుకుంటుంది. తర్వాత వేసే కొత్త రంగు ఆ చోట్ల పట్టకుండా గుంటలు పడుతుంది.

గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాం. గుడ్డ మార్చుకుంటూ తుడవాలి, లేకపోతే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందంతే. జిడ్డు పోయిందో లేదో నీళ్లే చెబుతాయి. చామాకు మీద పడ్డట్టు నీళ్లు ముత్యాల్లా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు. ఒకే పలచటి తెరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. విమాన కర్మాగారాల్లో కూడా జిగురు పెట్టేముందు ఇదే పరీక్ష చేస్తారు.

తర్వాత ఏ రకం రంగో తెలుసుకున్నాం. కనబడని మూల థిన్నర్ తడిపిన దూదిని ఒక్క నిమిషం ఆనించాలి. రంగు దూదికి అంటితే లాకర్, ముడత పడితే ఎనామిల్, ఏమీ కాకపోతే పీయూ. మాది పైన పీయూ, కింద ఎనామిల్, అన్నిటికంటే అడుగున లాకర్. ఒక్క విమానం మీదే మూడు రకాలూ ఉన్నాయి. కాబట్టి ఒంటికి హాని చెయ్యని ఏ ఒక్క మందుకీ లొంగవు. మిగిలిన దారి వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం.

వలయాలు చెప్పే కథ

వాటర్ పేపర్ మీద అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. పై పొరలకి 180 నంబరుతో మొదలుపెట్టి, అడుగుకి దగ్గరయ్యేకొద్దీ 320, చివర 400కి మారాం. వేళ్లతో పట్టుకుని రుద్దితే వేళ్ల కింద గుంటలు పడతాయి. అందుకని చదునైన చోట రబ్బరు దిమ్మెకి చుట్టాం. ఒంపుల దగ్గర మెత్తటి స్పాంజికి చుట్టాం. అంచుల దగ్గర కాగితం తనంతట తాను ఎక్కువ కోస్తుంది కాబట్టి అక్కడ ముందుగానే టేపు అంటించాం.

తడిగా రుద్దడానికి బలమైన కారణం ఉంది. పాత రంగుల్లో, ముఖ్యంగా మెరిసే పసుపుల్లో, లెడ్ క్రోమేట్ వాడేవారు. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులకి మించకూడదన్న నిబంధన 2016లో చేసి, 2017 నవంబరు నుంచి అమల్లో పెట్టారు. బాబాయి పసుపు రంగు అంతకంటే చాలా పాతది. పొడిగా రుద్దితే సీసపు ధూళీ గాజు నలుసులూ గాలిలో తేలతాయి. తడిగా రుద్దితే బురదలా కిందికి జారతాయి. అయినా మాస్కు కట్టుకున్నాం, చేతులకి తొడుగులు వేసుకున్నాం, పిల్లల్ని మేడ మీదికి రానివ్వలేదు. ఆ బురదని తులసికోట వైపు గానీ తూములోకి గానీ పోనివ్వకుండా పాత గుడ్డలతో ఎత్తి మూటకట్టాం.

రుద్దుతుంటే ఒక అందం బయటపడింది. కాగితం లోతుగా దిగినచోట చుట్టూ వలయాలు ఏర్పడ్డాయి. బయట ఎరుపు, దాని లోపల పసుపు, ఆపైన తెలుపు, నీలం, మధ్యలో బూడిద రంగు ప్రైమర్. చెట్టు మాను కోస్తే కనిపించే వలయాల్లా ఆ విమానం చరిత్ర అంతా ఒక చోట కనిపించింది. మా పేట కూడా ఇలాంటిదే. ఇప్పుడు ఉస్మాన్ రోడ్డూ, పాండీ బజారూ కిటకిటలాడుతున్న ఈ నేల ఒకప్పుడు మాంబళం చెరువు. 1920లలో చెరువు నీళ్లు తీసేసి పేట కట్టి, పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. నడిమధ్య పార్కుకి పానగల్ రాజా పేరు వచ్చింది. ఇద్దరూ తెలుగువాళ్లే. సినీనటుడు చిత్తూరు నాగయ్య వాణీ మహల్ సభాభవనం ఇక్కడే కట్టించారు. పట్టుచీరల కొట్ల పొర కింద సినిమావాళ్ల పొర, దాని కింద చెరువు పొర. గీకి చూసేవాళ్లకే కనిపిస్తాయి.

ఆ వలయాలు అందంతో పాటు కొలత కూడా ఇస్తాయి. వలయం వెడల్పుగా ఉంటే వాలు తక్కువ, నిదానంగా దిగుతున్నామని అర్థం. వలయాలు దగ్గరదగ్గరగా ఉంటే గుంట పడుతోందని అర్థం. జారే బురద రంగు ఇంకో గుర్తు. ఎర్రటి బురద పసుపుకి తిరిగిందంటే ఒక పొర దాటాం. బూడిద రంగు వచ్చిందంటే చెయ్యి నెమ్మదించాలి. దాని కింద తేనెరంగులో మెరిసే రెసిన్, అందులోంచి సన్నటి గళ్ల నేత కనిపించిందంటే ఇక కాగితం కింద పెట్టెయ్యాలి. ఆ నేత మీద ఇంకో పది రుద్దులు పడితే గాజుపోగులు తెగుతాయి. గ్రిఫిత్ చెప్పిన చీలికని మన చేతులతో మనమే పెట్టినట్టవుతుంది. నమూనా విమానం బాడీ గోడ చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. రంగు మందానికీ ఒంటి మందానికీ అక్కడ పెద్ద తేడా లేదు.

పెద్ద విమానాలకూ ఇదే చిక్కు

మేడ మీది మా కష్టమే పెద్ద విమాన సంస్థలదీ. అల్యూమినియం విమానాల రోజుల్లో ఘాటైన రిమూవర్ చల్లి, రంగు లేచాక కడిగేసేవారు. 2009లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 787 బరువులో సగం కర్బనపు పోగుల మిశ్రమ పదార్థమే. మన తేజస్ యుద్ధవిమానం పైతోలులో ఎక్కువ భాగం అదే. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ తయారుచేసిన రెండు సీట్ల హంస శిక్షణ విమానం గాజుపోగుల ఒంటితో 1993లో గాలిలోకి లేచింది. వీటి మీద పాత పద్ధతి పనికిరాదు.

దీనికి ఇంజనీర్లు రెండు దారులు పట్టారు. మొదటిది గట్టిదనం లెక్క. 1980లలో అమెరికాలోని హిల్ వైమానిక స్థావరంలో ఇసుక బదులు ప్లాస్టిక్ గింజల్ని గాలితో చిమ్మి యుద్ధవిమానాల రంగు తీయడం మొదలుపెట్టారు. గింజ రంగుని పగలగొట్టేంత గట్టిగా ఉండాలి, కింది ఒంటిని కోయలేనంత మెత్తగా ఉండాలి. మిశ్రమ పదార్థాల కోసం ఇంకా మెత్తటి గింజలు కావలసి వచ్చి గోధుమల నుంచి తీసిన పిండిపదార్థాన్ని స్ఫటికాలుగా చేసి చిమ్మారు. రెండో దారి ముందుచూపు. రంగు వేసేటప్పుడే, మళ్లీ తీసే రోజుని దృష్టిలో పెట్టుకుని ప్రైమర్‌కీ పై రంగుకీ మధ్య ఒక పొర వేస్తారు. బెంజైల్ ఆల్కహాల్ లాంటి సౌమ్యమైన రిమూవర్ ఆ పొర దగ్గర పట్టు వదిలించి అక్కడే ఆగుతుంది, ఒంటి దాకా పోదు. దాయాదుల మధ్య గోడ కట్టడం లాంటిది ఇది.

ఈ రెండిట్లోనూ సూత్రం ఒక్కటే. రంగు తీయడానికి బలం ఎంతైనా దొరుకుతుంది. ఎక్కడ ఆగాలో ముందే ఏర్పాటు చేసుకోవడమే విద్య.

ఆగిన చోటు

మాకు పదకొండు రోజులు పట్టింది. పొద్దున ఆరింటి నుంచి ఎండ ముదిరే ఎనిమిదిన్నర దాకా మేడ మీద, ఇక్కడివాళ్ల మాటలో మొట్టమాడి మీద, ఇద్దరం చెరో వైపు కూర్చుని రుద్దేవాళ్లం. దూరాన మీనంబాక్కం విమానాశ్రయం వైపు దిగే విమానాలు కనిపించినప్పుడల్లా బాబాయి చెయ్యి ఆగేది.

నేను పాడుచేసిన తోక రెక్కని మెత్తబడిన మేర కోసేశాం. మిగిలిన అంచుని ఏటవాలుగా రుద్ది, కొత్త గాజుగుడ్డ మూడు పొరలు ఎపాక్సీతో పరిచాం. ఒక్కో పొర ముందుదాని కంటే కాస్త వెడల్పు. అలా చేస్తే బరువు ఒక్కచోటే పడకుండా పాతదాని నుంచి కొత్తదానికి మెల్లగా బదిలీ అవుతుంది. వారం తర్వాత వేలితో మీటితే టక్కుమంది.

కొత్త రంగు సాయంత్రం వేద్దామని నేనంటే బాబాయి ఒప్పుకోలేదు. లాకర్ థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఒంటిలోని వేడిని లాక్కుని దాన్ని చల్లబరుస్తుంది. సముద్రపు గాలి తెచ్చే తేమ ఆ చల్లటి ఒంటి మీద మంచులా దిగి రంగుని పాలిపోయేలా చేస్తుంది. ఎండెక్కి గాలిలో తేమ తగ్గిన వేళ, ఒక్క తెల్ల పొర, అదీ వీలైనంత పలచగా వేశాం.

రంగు వేసే ముందు బాడీని వంటింటి త్రాసు మీద పెట్టాం. మొదట 840 గ్రాములు ఉన్నది 665 అయింది. ఇంకో ఐదు గ్రాములు తగ్గించవచ్చు. రెక్క అతికే మలుపు దగ్గర అరచేయంత మేర బూడిద రంగు ప్రైమర్ అలాగే ఉంది. నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. బాబాయి నా చేతిని ఆ ప్రైమర్ మీద ఆనించి, లోపలి వైపు నుంచి దీపం పెట్టారు. ఆ చోట వెలుగు మిగతా ఒంటి కంటే ఎక్కువగా బయటికి వచ్చింది. ఏనాడో సొట్ట పడ్డప్పుడు ఆయనే రుద్ది పలచబరిచిన గోడ అది. అక్కడ ప్రైమర్ కింద మిగిలింది ఒకటో రెండో గుడ్డ పొరలు.

“అది అక్కడే ఉండనీరా,” అన్నారు.

కాగితం బక్కెట్లో వేసేశాను.